బాతుపిల్లల సాకుడు

వరికోతలు ముగిసిన పిమ్మట కొల్లేటి చుట్టుపట్లను, నెల్లూరు మాగాణులలోను రాలిన గింజలను, నత్తలను ఏరుకొనుచు సాగిపోవు బాతుల మందను, దాని వెంట పొడవాటి కర్రతో నడచు కాపరిని చూచి, ఆ వృత్తి మిక్కిలి సులభమని తలచువారు ఒక గంపెడు పిల్లలను తెచ్చి తొలిసారి సాకినచో, ఆతని నేర్పు ఎంతటిదో ఎరుగగలరు.

28 దినములు పొదిగిన పిమ్మట పెంకును చీల్చుకొని వచ్చిన పిల్ల పుట్టుకచే నీటిపక్షియే యైనను, కోడిపెట్ట క్రిందనో యంత్రములోనో పుట్టినపుడు, తల్లి ఈకల చమురు దాని నూగునకు అంటదు గనుక, నీట దిగినంతనే తడిసి చలికి కొయ్యబారిపోవును. కావున ఎరిగినవాడు తొలి వారములలో దానిని ఈదనీయడు. అయినను త్రాగు నీటిపళ్లెమును మాత్రము ముక్కు పూర్తిగ మునుగునంత లోతుగ అమర్చును, ఏలయన ముక్కురంధ్రములు కడుగుకొనని పిల్లకు అవి మేతతో పూడిపోవును. ఆ పళ్లెమువలన జాము గడువకముందే పరుపంతయు తడిసిపోవును. తడిసిన ఊకను తీసి పొడిది పరచుట రేయింబవళ్లు తప్పదు. విసుగెరుగని ఈ శ్రమయే నాకు మిక్కిలి గౌరవార్హముగ తోచును.

వెచ్చదనమును కొలుచుటకు కాపరికి పరికరముతో పనిలేదు: పిల్లలు దీపము క్రింద ఒత్తుకొన్నచో చలి, దూరముగ తొలగి నోరు తెరచి ఒగర్చినచో వేడి, చెదరి హాయిగ పడుకొన్నచో చాలినంత. మేత విషయమున ఆతడు మరింత కఠినుడు. బూజు పట్టిన వేరుసెనగ చెక్కలోని విషమును కోడిపిల్ల కొంత ఓర్చును గాని బాతుపిల్ల ఓర్వజాలదు. అందుచే చెక్కను విరిచి, వాసన చూచిన పిమ్మటనే ఆతడు దానిని తవుడులో కలుపును.