నిజం చెప్పడం ఒక్కటే సరిపోతుందా? ఆళ్లగడ్డ, నంద్యాల ఉదాహరణలు

పౌరసంబంధాల నీతి అనగానే అబద్ధం చెప్పకూడదనే సూత్రం మీకు ముందుగా గుర్తుకు వస్తుంది. 1968 ఏప్రిల్ 21న పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా స్వీకరించిన ఏథెన్స్ నియమావళి కూడా ఇతర అవసరాల కోసం సత్యాన్ని తగ్గించరాదని చెబుతుంది. అయితే ఒక్క అబద్ధమూ ఆడకుండానే జనాన్ని పొరపాటు పడనివ్వవచ్చు. కాబట్టి చెప్పింది నిజమేనా అని అడిగితే చాలదు. నిర్ణయం తీసుకోవలసిన వ్యక్తికి తెలియవలసినది తెలిసిందా అని కూడా అడగాలి. నేటి నంద్యాల జిల్లాలోని రెండు ఎన్నికలను ఈ ప్రశ్నతో పరిశీలిద్దాం.

2014లో ఆళ్లగడ్డ అభ్యర్థి శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదంలో గాయపడి ఏప్రిల్ 24న మరణించారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి మరణిస్తేనే ప్రజాప్రాతినిధ్య చట్టం 52వ సెక్షన్ ప్రకారం పోలింగ్ వాయిదా పడుతుంది. ఆమె పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్‌కు అప్పటికి ఆ గుర్తింపు లేదు. అందువల్ల మే 7న పోలింగ్ జరిగింది, ఆమే గెలిచారు. తరువాత ఉప ఎన్నికలో కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఇటువంటి చోట సానుభూతితో ఓటు అడగడం దోషం కాదు. మరణం అందరికీ తెలిసినదే. కాని ఓటు చెల్లుతుందా, గెలిస్తే ఏమవుతుంది అనే రెండు విషయాలు ఓటరుకు స్పష్టంగా చెప్పాలి. అవి చెప్పని ప్రచారం దుఃఖాన్ని వాడుకున్నట్లే అవుతుంది.

2024 మే 13 పోలింగ్‌కు రెండు రోజుల ముందు సినీనటుడు అల్లు అర్జున్ నంద్యాలలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శిల్పా రవిచంద్ర కిశోర్ రెడ్డి ఇంటికి వచ్చారు. జనం పోటెత్తారు. నిషేధాజ్ఞలు ఉల్లంఘించారని పోలీసులు పెట్టిన కేసును హైకోర్టు నవంబరు 6న కొట్టివేసింది. మిత్రుడి కోసం వచ్చానని, తనకు పార్టీలతో సంబంధం లేదని నటుడు చెప్పారు. ఆ మాటను శంకించనక్కరలేదు. మిత్రుణ్ణి సమర్థించే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. అయినా ఓటింగ్ యంత్రంలో స్నేహానికి వేరే మీట ఉండదు. వ్యక్తికి వేసిన ఓటు పార్టీకీ పడుతుంది. "ఇది రాజకీయం కాదు" అనే మాట చెప్పేవారి ఉద్దేశాన్ని తెలుపుతుందే గాని, చూసేవారిపై దాని ప్రభావాన్ని తెలపదు. "ఈయన నా మిత్రుడు, గెలవాలని కోరుతున్నాను" అనడమే మరింత నిజాయితీ గల సందేశం.

కేసు కొట్టివేతతో చట్టం ప్రశ్న తీరింది, నీతి ప్రశ్న తీరలేదు. రేపు మీరు ఒక సంస్థకో, నాయకుడికో ప్రకటన రాయవలసి వస్తే, అందులోని వాక్యాలను సరిచూసి ఆగిపోకండి. మీరు వదిలేసిన వాక్యం ఏదో, అది తెలిస్తే పాఠకుడు మరోలా నిర్ణయించుకునేవాడా అని కూడా ఆలోచించండి.