లద్దె ఎత్తే బట్టలు, గెలిచే బట్టలు

ఈనిడ్ బాగ్నోల్డ్ నవల ‘నేషనల్ వెల్వెట్’ (1935)ను మొదటిసారి సాహసగాథగా చదివాను. ఈసారి నా చూపు బట్టల మీద ఆగింది. మాంసం కొట్టతని కూతురు, పద్నాలుగేళ్ళ వెల్వెట్, మగ జాకీ వేషంలో గ్రాండ్ నేషనల్ పందెం గెలుస్తుంది. ఆడపిల్లని బయటపడ్డాక ఆ గెలుపు నిలవదు.

కానీ అంతకుముందే, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఇంగ్లండ్‌లోని రస్లీ పార్క్‌లో స్త్రీలు బ్రీచెస్, బూట్లు తొడుక్కుని సైన్యపు గుర్రాలను సాకారు, స్వారీ చేశారు. లూసీ కెంప్-వెల్చ్ వాళ్ళ చిత్రాలు గీసింది. దేశానికి చాకిరీ కావలసినప్పుడు చెల్లిన దుస్తులే గెలుపు దగ్గర మారువేషమయ్యాయి!

హడావుడి సద్దుమణిగాక వెల్వెట్ ప్రశాంతంగా తన తర్వాతి సాహసాల్లోకి వెళ్ళిపోతుంది. అయినా నాకది రాజీ అనిపిస్తుంది. ఆ పందెంలో స్త్రీ తొలిసారి స్వారీ చేసింది 1977లో. గెలిచింది 2021లో.