పాత రాక్, కొత్త అచ్చు: ఏ ఎల్పీ కొనదగ్గది?

జాంబియాకు చెందిన అమనాజ్ బృందం 1975లో ‘ఆఫ్రికా’ అనే ఎల్పీ చేసింది. ఆ ఆల్బంకి రెండు మిక్స్‌లు తయారయ్యాయి. ఒకదానిలో గిటార్లు, డ్రమ్ములు మన ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టు దగ్గరగా, పొడిపొడిగా వినిపిస్తాయి. రెండోదానిలో ప్రతిధ్వని దట్టంగా పట్టించారు, గొంతు ఎక్కడో దూరం నుంచి తేలి వస్తున్నట్టుంటుంది. పాటలు అవే, వాయించినవాళ్లూ వాళ్లే. విన్నవాళ్లకు మాత్రం రెండు వేర్వేరు ఆల్బంలు. అమెరికాకు చెందిన నౌ-అగైన్ సంస్థ దీన్ని మళ్లీ తెచ్చినప్పుడు, ఏది ‘అసలు’ అన్న తీర్పు తాను చెప్పకుండా రెండు మిక్స్‌లనూ పక్కపక్కన ఇచ్చింది. మంచి రీఇష్యూ ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ లేదు. పాట ఎక్కడి నుంచి తీసుకున్నారో, ఎవరి దగ్గర తీసుకున్నారో, దానికి ఏం చేశారో కొనేవాడికి దాచకుండా చెప్పాలి.

సైకెడెలిక్ రాక్ అనగానే పింక్ ఫ్లాయిడ్, జిమి హెండ్రిక్స్ గుర్తొస్తారు. వాళ్ల రికార్డులు ఎప్పుడూ దొరుకుతూనే ఉన్నాయి, వాటి కోసం ఎవరూ ఊళ్లు తిరగనక్కర్లేదు. సేకర్తలు వెతికేది వేరే సరుకు. 1966లో టెక్సస్‌లోని ఆస్టిన్ కుర్రాళ్లు, థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్, తమ మొదటి ఆల్బం పేరులోనే ‘సైకెడెలిక్’ అని పెట్టుకున్నారు. వాళ్లలో టామీ హాల్ అనే ఆయన వాయిద్యం ఒక కూజా. దాని మూతి దగ్గర మైకు పట్టుకుని నోటితో చేసే గుడగుడ ఆ ఆల్బం పొడుగునా వినిపిస్తుంది. నాలుగైదేళ్లు తిరిగేసరికి ఆ గాలి ఇస్తాంబుల్‌లో ఎర్కిన్ కొరాయ్‌నీ, లీమాలో ట్రాఫిక్ సౌండ్‌నీ, టోక్యోలో ఫ్లవర్ ట్రావెలిన్ బ్యాండ్‌నీ తాకింది. గిటారు శబ్దాన్ని గరగరలాడించే ఫజ్ పెడల్, ఎకో, వెనక్కి తిప్పిన టేపు అందరికీ ఉమ్మడి సొత్తు. బాణీలు మాత్రం ఎవరి ఊరివి వాళ్లవి.

ఇలాంటి బృందాలు చాలావరకు వందల్లో, మహా అయితే వెయ్యీ రెండు వేల ప్రతుల్లో రికార్డులు వేసుకుని చెదిరిపోయాయి. వాటిని వెతికి దాచుకోవాలన్న ధ్యాస పెరగడానికి ఒక ముఖ్య కారణం లెన్నీ కే. ఆయన 1972లో ఎలెక్ట్రా సంస్థ కోసం కూర్చిన ‘నగెట్స్’ అనే రెండు ఎల్పీల సంకలనంలో 27 పాటలున్నాయి. అప్పటికి ఆ పాటలు మరీ పాతవి కూడా కావు, అయినా జనం వాటిని మరిచిపోయారు. ఆ తర్వాత జాబితా పుస్తకాలు వచ్చాయి. ఆస్ట్రియా సేకర్త హాన్స్ పొకోరా తన పుస్తకాల్లో ఒక్కో రికార్డు ఎంత అరుదో గుర్తులతో చూపించాడు. దాంతో ఒక జబ్బు కూడా పట్టుకుంది. దొరకని రికార్డంటే గొప్ప రికార్డేనని నమ్మడం.

అరుదుతనానికి కారణాలు ఎప్పుడూ సంగీతంలోనే ఉండవు. బ్రెజిల్‌లో లూలా కోర్తెస్, జే రమాల్యో కలిసి 1975లో ‘పయెబిరు’ అనే జంట ఎల్పీ చేశారు. ఇంగా అనే చోట బండమీద చెక్కిన ప్రాచీన గుర్తులు దానికి ప్రేరణ. నాలుగు ముఖాలకు భూమి, గాలి, నిప్పు, నీరు అని పేర్లు పెట్టారు. ఆ ఏడాది రెసీఫె నగరాన్ని ముంచిన వరద రోజెంబ్లిట్ ఫ్యాక్టరీలోకి వచ్చి ప్రతుల్లో ఎక్కువ భాగాన్ని పాడుచేసింది. దానికి లక్షల్లో ధర పలకడానికి కారణం ఆ వరద. అదృష్టవశాత్తు సంగీతం కూడా గొప్పదే. కానీ వరదలో మునిగిన రికార్డులన్నీ గొప్పవి కావు. అమ్ముడుపోని రికార్డుల్లో కొన్ని జనానికి అర్థంకాక అమ్ముడుపోలేదు, చాలావరకు బాగోలేక అమ్ముడుపోలేదు. కొనే ముందు రెండు ముఖాలూ చివరిదాకా వినాలి. ఒక్క మంచి పాటను ముందుపెట్టి మిగతా ముప్పై నిమిషాల చెత్తను అంటగట్టే రీఇష్యూలు కోకొల్లలు.

మాతృక ఏది?

సంగీతం నచ్చింది సరే, ఈ అచ్చు మంచిదేనా? తాళపత్రాలు పరిష్కరించే పండితుడు ప్రతి చేతిలోకి తీసుకోగానే దాని మాతృక ఏదని ఆరా తీసినట్టే, ఇక్కడా మొదటి ప్రశ్న అదే. స్టూడియో మాస్టర్ టేపు నుంచి తీశారా, దాని నకలు టేపు నుంచా, లేక పాత ఎల్పీ మీద ముల్లు పెట్టి ఎక్కించారా? ఈ మూడోది తప్పు కాదు. టేపులు తుడిచేసి మళ్లీ వాడుకున్న దేశాలున్నాయి, కాలిపోయినవీ, నానిపోయినవీ ఉన్నాయి. అలాంటప్పుడు శుభ్రమైన ఎల్పీయే దిక్కు. ఆ సంగతి అట్ట మీద రాయకుండా ‘రీమాస్టర్డ్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడమే మోసం.

అట్ట చెప్పకపోయినా చెవి పట్టేస్తుంది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. సీడీలోనో, ఫోనులో వినే పాటలోనో ‘టిక్’ మన్న చప్పుడు సరిగ్గా అంతంత ఎడంలో మళ్లీ మళ్లీ వస్తే, అది ఎవరి ఎల్పీ మీదో పడిన గీత. రెండో గుర్తు ముఖంలో ఆఖరి పాట. రికార్డు మధ్యకు చేరేకొద్దీ చుట్టు చిన్నదై, అదే వ్యవధి శబ్దం తక్కువ నిడివి గాడిలో ఇమడాలి కాబట్టి ‘స’, ‘ష’ అక్షరాలు అక్కడ చీదినట్టు వినిపిస్తాయి. మొదటి పాటలో లేని ఆ చీదుడు ఆఖరి పాటలో ఉంటే, మాతృక టేపు కాదు, రికార్డే.

మూడో గుర్తు పాట ముగిసే చోటు. శబ్దం మెల్లగా తగ్గుతున్నప్పుడు టేపు తాలూకు ‘హిస్’ కూడా దానితోపాటే సన్నగిల్లాలి. అలాకాకుండా చివరి సెకన్లలో అంతా ఒక్కసారి చీకటి కమ్మినట్టు ఆగిపోయిందంటే, కంప్యూటర్లో రొదను గట్టిగా కడిగేశారన్నమాట. ఆ కడుగుడులో డ్రమ్ముల తాళాల మెరుపు కూడా పోయి, నీళ్లలో వాయించినట్టవుతుంది. రొద మిగిలిన పాటను చెవి సర్దుకుని వింటుంది, కడిగి పారేసిన పాటను ఎవరూ తిరిగి తేలేరు.

ఆపైన మోనో, స్టీరియో పేచీ. 1966-67 నాటికి చాలా బృందాలు మోనో మిక్స్ మీదే మనసుపెట్టాయి. ఎలివేటర్స్ మొదటి ఆల్బం విషయంలో సేకర్తలు ఎక్కువమంది మోనో వైపే ఉంటారు, అందులో వాయిద్యాలన్నీ ఒక్క దెబ్బగా మీద పడతాయి. ఇంకో రకం ఉంది, మోనో టేపునే తీసుకుని బేస్ ఒక పక్కకీ కీచు శబ్దాలు ఇంకో పక్కకీ నెట్టి స్టీరియో అని అమ్మినది. దాని జోలికి పోవద్దు. ‘180 గ్రాములు’ అన్న స్టిక్కర్‌కూ మోసపోవద్దు. మామూలు ఎల్పీ 120 నుంచి 140 గ్రాములుంటుంది. బరువు పెరిగితే రికార్డు గట్టిగా ఉండొచ్చు గానీ, పాడైన మాతృక బాగుపడదు.

ఎవరి అనుమతి?

రెండో ప్రశ్న పేరుది, డబ్బుది. 1996లో వచ్చిన ‘కంబోడియన్ రాక్స్’ ఎంతోమందికి ఆ దేశపు సంగీతాన్ని పరిచయం చేసింది. కానీ మొదటి అచ్చులో గాయకుల పేర్లు లేవు, పాటల పేర్లూ లేవు. అందులో వినిపించే సిన్ సిసముత్, రోస్ సెరే సోథియా ఖ్మేర్ రూజ్ పాలనలో మాయమైపోయినవాళ్లు. పైగా ప్రవాస కంబోడియన్ల మధ్య తిరిగిన క్యాసెట్లలో చాలా పాటలకు తర్వాతి కాలపు డ్రమ్ములు అతికించారు. విన్నవాళ్లు దాన్నే 1970 నాటి మోత అనుకున్నారు. ఆ సంగీతం మీద జాన్ పిరోజీ తీసిన డాక్యుమెంటరీకి తోడుగా డస్ట్-టు-డిజిటల్ సంస్థ 2015లో తెచ్చిన సంకలనం ఎవరు ఎవరో పేర్లు, చరిత్రతో సహా చెప్పింది. పక్కపక్కన పెట్టి వింటే, పేరు రాయడం కూడా రీఇష్యూ పనిలో భాగమేనని తెలుస్తుంది.

జాంబియా కథ ఇంకా సూటిగా ఉంటుంది. రేడియోలో 95 శాతం జాంబియా సంగీతమే వేయాలన్న అధ్యక్షుడు కెన్నెత్ కౌండా ఆదేశం, రాగి గనుల డబ్బు కలిసి అక్కడ ‘జామ్‌రాక్’ అనే రాక్ సంగీతాన్ని పెంచాయి. రాగి ధర పడిపోయాక అది కూడా చితికింది, ఆ తర్వాత ఎయిడ్స్ ఎందరినో తీసుకుపోయింది. విచ్ బృందం 1972లో ‘ఇంట్రొడక్షన్’ ఎల్పీ తెచ్చింది. దాని గాయకుడు ఇమాన్యో ‘జగారి’ చందా తర్వాత రత్నాల కోసం గనులు తవ్వుతూ బతికాడు. రీఇష్యూలు ఆయన్ని మళ్లీ వేదికల మీదికి తెచ్చాయి. విచ్ పేరుతో 2023లో ‘జాంగో’ అనే కొత్త ఆల్బం వచ్చింది. ఎవరి అనుమతీ లేని నకిలీ అచ్చు ఇలాంటి పని ఎప్పటికీ చేయలేదు.

మన దేశంలోనూ ఈ సరుకుంది. సిమ్లా సిగరెట్ల ప్రచారం కోసం ఇంపీరియల్ టొబాకో కంపెనీ నడిపిన బృందాల పోటీ నుంచి ‘సిమ్లా బీట్’ 1970, 1971 ఎల్పీలు వచ్చాయి. బొంబాయి బృందం అటామిక్ ఫారెస్ట్ పాటలను నౌ-అగైన్ 2011లో మళ్లీ వెలువరించింది. భారత చట్టం ప్రకారం ధ్వనిముద్రణకు హక్కు ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1970 రికార్డుకు 2030 చివరిదాకా హక్కుదారు ఉన్నట్టే. వెనక అట్ట మీద ‘లైసెన్స్ పొందినది’ అన్న వాక్యం, దానితోపాటు ఎవరి నుంచి అన్న పేరు ఉన్నాయా అని చూడాలి. ఉత్త చిరునామా, బార్‌కోడ్ ఉండి పేరు లేకపోతే అనుమానించాల్సిందే.

విదేశీ ఎల్పీకి కొరియరూ కస్టమ్సూ కలిపి మనం కట్టేది తక్కువేమీ కాదు. అందుకని నా వరస ఇది: సంగీతం మొత్తం విని నచ్చాలి, మాతృక ఏదో చెప్పి ఉండాలి, వాయించినవాళ్లకో వాళ్ల వారసులకో వాటా అందాలి, లోపల వాళ్ల కథ ఉండాలి. మొదటి మూడూ ఉండి కథ లేకపోయినా కొంటాను. రొదలు, గీతలు ఉన్నా కొంటాను. మూడోది లేకపోతే, ఎంత అందమైన అట్ట అయినా, ఎంత అరుదైన పాట అయినా షాపులోనే వదిలేస్తాను.