మూత మీది మర

ఈ వారంతో వేట నిషేధం తీరిపోతుంది. ఏప్రిల్ 15న ఒడ్డెక్కిన ఇంజను పడవలు జూన్ 14 దాటగానే మళ్లీ నీళ్లలో పడతాయి. మొత్తం 61 రోజులు. 2015కి ముందు ఇది 47 రోజులే ఉండేది. ఆ రెండు వారాలు పెరిగాక మత్స్యకారుల ఇళ్లలో ఏం మారిందో వాళ్లే చెప్పాలి. ఇంజన్లకేమైందో మాత్రం నేను చెప్పగలను. కార్బురేటరు గిన్నెలో మిగిలిపోయిన పెట్రోలు ఆరి, పాకం అడుగంటినట్టు జిగురై కూర్చుంటుంది. సూదిమొన దూరేంత జెట్టు బెజ్జం పూడుకుపోతుంది. అందుకే ఏటా ఈ వారమంతా నా ఫోను మోగుతూనే ఉంటుంది.

నేను సముద్రం మనిషిని కాను. మాది హరిశ్చంద్రపురం. రైలు దిగితే వరిచేలు కనపడే ఊరు. అలల చప్పుడు వినాలంటే టెక్కలి మీదుగా నౌపడా ఉప్పు మళ్లు దాటి పోవాలి. ఇరవై రెండేళ్ల వయసులో స్టేషను రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని మోటారు సైకిళ్లు బాగుచేసేవాణ్ని. ఆర్‌ఎక్స్ 100 చప్పుడు వింటే అది ఏ ఊరి బండో చెప్పేస్తాడని నాకో పేరుండేది. ఆ పేరు నిజం కాదు. కాదని నేనెప్పుడూ అనలేదు కూడా.

హాస్టల్లో నాతో చదువుకున్నవాడొకడు భావనపాడులో ఉంటాడు. వరస ఏమీ లేదు, అయినా బావా అంటే బావా అనుకుంటాం. ఒకరోజు వచ్చి, “బావా, ఓపాలి రా. ఇంజను పది నిమిషాలు నడుస్తంది, ఆగిపోతంది. కాసేపాగి తాడు లాగితే మల్లీ పది నిమిషాలు” అన్నాడు. పడవ వెనక బల్లకి తగిలించే అవుట్‌బోర్డు ఇంజనది. బండి మీద యమహా, దాని మీదా యమహా. ఇంటిపేరు ఒకటే కదా, వరస కలిసిపోతుందిలే అనుకుని స్పానర్ల సంచీ భుజానేసుకుని వెళ్లాను.

ఇసకలో తువ్వాలు పరిచి కార్బురేటరు విప్పాను. సముద్రపు గాలికి తువ్వాలు ఒక మూల లేచింది. సూదికి ఉండే చిన్న క్లిప్పు ఎగిరి ఇసకలో పడింది. ఆ తరవాత గంటసేపు ఇద్దరం పిండి జల్లెడతో భావనపాడు ఇసక జల్లించాం. చుట్టూ పిల్లలు చేరారు. వాళ్లలో ఒకడు ఎవర్నో పిలుచుకొచ్చాడు. ఊరంతా మావా అని పిలిచే ముసలి మెకానిక్కు. చేతిలో పనిముట్టు లేదు, నోట్లో చుట్ట ఉంది.

ట్యాంకు నుంచి ఇంజనుకి పోయే గొట్టం మధ్యలో గుప్పెట్లో పట్టేంత రబ్బరు బల్బొకటి ఉంటుంది. ఆయన వంగి దాన్ని వేలితో తాకాడు. రసం పీల్చేసిన మామిడిపండులా చప్పబడి ఉంది. నేనది చూశాను గానీ అది అలాగే ఉంటుందనుకున్నాను. ఆయన ట్యాంకు దగ్గరికి నడిచి, మూత మీదున్న చిన్న మరని రెండు చుట్లు వదులు చేశాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. బల్బు మెల్లగా పొంగి గుండ్రమైంది.

“ఇప్పుడు నువ్విప్పిన ముక్కలు నువ్వు బిగించీయి బాబూ” అన్నాడు.

ట్యాంకులోంచి పెట్రోలు పోయేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. ట్యాంకు మోసుకెళ్లేటప్పుడు తొణక్కుండా ఆ మర బిగిస్తారు, వేటకి బయల్దేరేటప్పుడు వదులు చేస్తారు. ఎవరో మరిచిపోయారు. లోపల గాలి చాలక పంపు ఎంత పీల్చినా పెట్రోలు రాక ఇంజను ఆగిపోయేది. కాసేపాగితే ఎక్కడో సందులోంచి కాస్త గాలి చేరేది, మళ్లీ నడిచేది. జబ్బంతా అంతే. దానికి నేను గుండె ఆపరేషను మొదలెట్టాను.

అప్పట్నుంచి ఏ అవుట్‌బోర్డు దగ్గరికెళ్లినా ముందు ఆ బల్బే నొక్కి చూస్తాను. చప్పబడిపోతే ట్యాంకు వైపు ఏదో మూసుకుంది. ఎంత నొక్కినా గట్టిపడకపోతే గొట్టంలో ఎక్కడో గాలి చొరబడుతోంది, లేదా బల్బులో వాల్వు పోయింది. రాయిలా గట్టిపడి ఇంజను మాత్రం అందుకోకపోతే అప్పుడు ప్లగ్గు వైపు చూడొచ్చు. సంచీ విప్పాల్సింది అక్కడ, అంతకు ముందు కాదు.

ఆ సాయంత్రం మావని అడిగాను, ఇలాంటి పనికి ఎంత తీసుకుంటావని. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. “మర తిప్పినందుకు ఎవుడిస్తాడు బాబూ డబ్బులు? ప్లగ్గులు రెండూ ఇప్పి, తుడిసి, గీకి, మల్లీ బిగిస్తాను. అరగంట పడతాది. అప్పుడిస్తారు.” నాకది మోసంగా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. తెలిసిన దానికి కూలీ కట్టే అలవాటు మనకి లేదు, చెమటకే కడతాం. డాక్టరు దగ్గరా ఇంతే కదా, సూది పొడవకపోతే ఫీజు దండగనుకునే ఊళ్లే మనవి. కాకపోతే మావ తుడిచిన ప్లగ్గులకి ఆ తుడుపు వల్ల మేలే జరిగేది గానీ కీడు జరగలేదు. నా షెడ్డులో మాత్రం అరగంట పని చూపించడానికని అక్కర్లేనివి విప్పి, బాగున్నవి పాడుచేసిన రోజులున్నాయి. ఆ బళ్ల వాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకి నేను బాకీ.

అవుట్‌బోర్డుని మొదట ఎవరు చేశారన్న దానిమీద తగువుంది గానీ, దాన్ని జనంలోకి తెచ్చినవాడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరిన మనిషి. 1909లో అమ్మకం మొదలెట్టాడు. అంతకు ముందోసారి ఎండలో చెరువు అవతలికి తెడ్డేసుకుని పోయి, కాబోయే భార్య కోసం ఐస్‌క్రీం తెస్తే అది దారిలోనే కరిగిపోయిందనీ, ఈ ఆలోచన అక్కడే పుట్టిందనీ కథ చెబుతారు. నిజమో కాదో గానీ ఒకటి మాత్రం గమనించండి. అది చెరువు. అలల్లేవు, ఉప్పు లేదు. చెరువులో పుట్టిన యంత్రాన్ని తెచ్చి మనం కెరటాలు విరిగే చోట దింపాం.

మా తీరంలో చాలా ఊళ్లకి రేవులంటూ లేవు. పడవ ఇసక మీంచే సముద్రంలోకి పోవాలి, ఇసక మీదికే రావాలి. వచ్చేటప్పుడు పడవ నడిపే తండేలు చివరి కెరటం మీద పడవని కూర్చోబెట్టి, నేల తగిలే లోపు ఇంజనుని పైకి ఎత్తేయాలి. ఆలస్యమైతే ఫ్యాను ఇసకని దున్నుతుంది. ప్రొపెల్లరు అన్నది బిల్లుల్లో మాట, ఒడ్డున అది ఫ్యానే. తొందరపడితే ఫ్యాను గాల్లో తిరిగి ఇంజను కీచుమంటుంది, చల్లార్చే నీళ్లూ అందవు. అవుట్‌బోర్డుకి రేడియేటరు ఉండదు. కింద కాలులో రబ్బరు రెక్కల చక్రం తిరుగుతూ సముద్రపు నీళ్లే పైకి తోడుతుంది. అందులో కొంత, ఇంజను వెనక సన్నటి ధారగా బయటికి చిమ్ముతుంది. ఆ ధారని చూడకుండా పడవ నడిపేవాడు కుండలో నీళ్లున్నాయో లేవో చూడకుండా పొయ్యి రాజేసినట్టే. ఇసక నీళ్లు తాగీ తాగీ ఆ రెక్కలు అరిగిపోతాయి. 61 రోజులు కదలకుండా ఉంటే వంగిన చోటే బిగిసిపోతాయి. కొత్తది వేసుకోవడానికి అయ్యే ఖర్చు, సీజైన ఇంజనుతో పోలిస్తే లెక్కలోది కాదు. అయినా ధార సన్నబడిందని చెబితే, “వస్తంది కదేటి” అంటారు.

ఇంకో జబ్బు కంటికి కనపడదు. ఫ్యాను వెనక ఇరుసుకి నైలాను దారం చుట్టుకుంటుంది. వల దారమే, వెంట్రుక కంటే కాస్త లావు. తిరిగీ తిరిగీ అది ఆయిలు సీలుని కోసేస్తుంది. ఆ సందులోంచి నీళ్లు గేరు పెట్టెలోకి పోతాయి. కనిపెట్టడం తేలికే. గేరు పెట్టె పక్కన కిందొకటి, పైనొకటి రెండు మరలుంటాయి. రెండూ విప్పి కింద గిన్నె పెడితే నూనె దిగుతుంది. నల్లగానో తేనె రంగులోనో దిగితే పరవాలేదు. పాలు ఎక్కువైన కాఫీలా దిగితే సీలు పోయినట్టే. కొత్త నూనె పోసేటప్పుడు మాత్రం పైనుంచి పోయకూడదు. కింది బెజ్జంలోంచి ఎక్కించి, పై బెజ్జంలోంచి పొర్లే దాకా ఆగాలి, అప్పుడే లోపలి గాలి మొత్తం పోతుంది. ముందు పైమర బిగించి, తరవాత కిందది బిగించాలి. ఇది నాకు చెప్పినవాళ్లెవరూ లేరు. మొదటి రెండుసార్లు నేను పైనుంచే పోశాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస అడ్డంగా పడి వజ్రపుకొత్తూరు వైపు దారులన్నీ మూసుకుపోయాయి. నేను మూడో రోజుకి గానీ ఒక ఊరు చేరలేదు. అక్కడ రెండిళ్లలో రెండు ఇంజన్లు, రెండూ నీళ్లలో మునిగినవే. ఒకాయన తన దాన్ని మంచం మీద పడుకోబెట్టి, పై డొప్ప తీసి, గుడ్డతో తుడిచి, ఎండకి ఆరబెట్టాడు. బిడ్డకి తలంటినట్టు ఎంత శ్రద్ధగా చేశాడో! రెండో ఇంట్లో ఇంజను పశువుల కుడితి తొట్టెలో, నీళ్లలో మునిగి ఉంది.

“సముద్రం నీల్లలోంచి తీసింది మంచి నీల్లలో ముంచీమని మావ కబురెట్టాడు” అందా ఇంటావిడ. కరెంటు లేదు. చేతిపంపు కొట్టి కొట్టి మోసిందట. “తాగడానికే నేవు, ఇంజనుకి తానమా అని మా అత్త తిట్టని తిట్టు నేదు.” అత్త తిట్టిందంటే తప్పు పట్టలేను. ఆ వైపంతా ఉద్దానం, అక్కడ నీళ్ల బిందె అంటే ఊరికే బిందె కాదు. కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేలక, తాగే నీటినే అనుమానంగా చూసే ఇళ్లవి. హిరమండలం రిజర్వాయరు నీళ్లు గొట్టాల్లో తెచ్చే పథకం మొదలైంది 2023 డిసెంబరులో. అంటే ఇంకా అయిదేళ్లకి.

ఇనుముని తినేది ఉప్పూ గాలీ కలిసి. నీళ్లలో ఉన్నంతసేపు తుప్పు నిదానం, బయటికి తీశాకే పరుగు. అందుకే వెంటనే బాగుచేసే వీలు లేకపోతే మంచినీళ్లలోనే ఉంచాలి. తొట్టెలో ఇంజనుని తీసి ప్లగ్గులు విప్పాం. ఆ బెజ్జాలు కిందికొచ్చేలా వంచి మెల్లగా తాడు లాగితే గుటగుటమంటూ నీళ్లు కక్కింది. నడుస్తూ మునిగిన ఇంజనైతే ఇక్కడ బలం చూపించకూడదు. నీరు అణగదు గనక లోపలి రాడ్డు వంగిపోయి ఉండొచ్చు. తరవాత పెట్రోలూ ఆయిలూ కలిపి సిలిండర్లలో పోసి తిప్పాం. దీపాల వేళకి పొగ కక్కుతూ అందుకుంది. మంచం మీద ఎండలో ఆరినది మాత్రం తాడు లాగితే కదల్లేదు. ఆయన నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. తుడిచిన గుడ్డ ఆయన భుజం మీదే ఉంది.

ఇప్పుడు ఫోర్‌స్ట్రోకులు వచ్చాయి. పెద్ద వాటికి కార్బురేటరే లేదు, లోపల కంప్యూటరు లెక్కచూసి పెట్రోలు చిమ్ముతుంది. పొగ లేదు, తాగుడూ తక్కువ. పాతవే మేలని నేననను, అలా అనేవాళ్లు సాయంత్రం దాకా తాడు లాగి భుజం పోగొట్టుకున్నవాళ్లు కారు. వేడెక్కితే కొత్త ఇంజను కూతపెట్టి తనంతట తనే వేగం తగ్గించేసుకుంటుంది. దాన్నీ రిపేరనే నా దగ్గరికి తెస్తారు. పాతదైతే కాలిపోయేదని చెప్పినా నమ్మరు. నాకు కష్టంగా ఉండేది ఒక్కటే, అది తన జబ్బంతా చెప్పేది ల్యాప్‌టాప్ ఉన్నవాడికే. మనకి లైటు వెలిగించి ఊరుకుంటుంది.

దానికి తోడు పెట్రోలే మారింది. 2025కల్లా బంకులన్నిట్లో 20 శాతం ఇథనాల్ కలిసినదే. ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. తేమ హద్దు మీరితే పెట్రోలులోంచి విడిపోయి నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతుంది. గొట్టం పీల్చేదీ అడుగు నుంచే. ఒడ్డున ఉప్పుగాలిలో రెండు నెలలున్న ట్యాంకు సంగతి ఇక చెప్పక్కర్లేదు. నిషేధం ముందు మిగిలిన పెట్రోలుని ఒక గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచమంటాను. పొద్దున రెండు పొరలు కనిపిస్తే అది ఇంజనులో పొయ్యొద్దు.

మొన్న రాత్రి భోజనాల వేళ భావనపాడు నుంచి బావ ఫోను. మూడేళ్ల కింద కొన్న ఫోర్‌స్ట్రోకు. డ్రమ్ములో నీళ్లు పోసి, ఇంజను కాలు అందులో దింపి పరీక్ష చేస్తున్నాడట. ఎంతకీ అందుకోవడం లేదు, కంప్యూటరే పోయిందేమో, విశాఖపట్నం తీసుకుపోవాలేమో అన్నాడు.

“మూత మీద మర?”

“ఒదులు సేసీసాను బావా. అదింక జన్మలో మర్సిపోతానా?”

“బల్బు?”

“రాయిలాగుంది.”

“ఎర్ర తాడు?”

నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజను ఆగిపోవాలని చేతికి కట్టుకునే తాడది. దాని క్లిప్పు మీట కింద లేకపోతే ఇంజను అందుకోదు. అవతల కాసేపు మాటలేదు. ఎవర్నో కేకేశాడు, ఇంట్లో ఏదో డబ్బా మూత తీసిన చప్పుడు. రెండు నెలల కింద భద్రంగా దాచి ఉంటాడు. తరవాత తాడు గుంజిన చప్పుడొకటి, వెంటనే ఇంజను మోత. నేను చెవి దగ్గర్నుంచి ఫోను దూరం పెట్టాను. మళ్లీ పెట్టుకునేసరికి బావ కట్ చేసేశాడు.