సీసా మాట నమ్మొద్దు

తెల్ల ఎలుకల్ని పెంచుకునే ఇంట్లో నీళ్ల సీసా నిండుగా కనబడితే నాకు ముందు అనుమానమే వస్తుంది. నిన్న పోసిన నీళ్లు ఇవాళా అంతే ఉన్నాయంటే ఎలుక తాగలేదనే అర్థం. వంద గ్రాముల ఒంటి బరువుకు రోజుకు దాదాపు 10 మిల్లీలీటర్లు తాగే జీవి అది. తిరుపతి ఎండలకు ఇంకా ఎక్కువే కావాలి. ఎలుకకు మనలా చెమట పట్టదు. తోకలోంచి కొంత వేడిని వదులుతుంది, అదీ చాలకపోతే ఉమ్మితో బొచ్చు తడుపుకుని చల్లబడుతుంది. ఆ ఉమ్మి ఊరాలన్నా నీళ్లే కావాలి కదా.

చాలాసార్లు అడ్డం పడేది సీసా గొట్టం చివరనుండే స్టీలు గోలీ. ఎలుక నాలుకతో నెడితే అది కదిలి చుక్క రాలాలి. బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా పొర కడుతుంది చూడండి, అదే పొర గోలీ చుట్టూ పేరుకుంటే గోలీ బిగుసుకుపోతుంది. దాహంతో ఉన్న ఎలుక మేత తగ్గిస్తుంది. గింజలు మిగిలాయని, మేత నచ్చలేదేమోనని కొత్తది కొనుక్కొచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ గొట్టాన్ని కాసేపు నిమ్మరసంలో నానబెట్టి బాగా కడిగితే పొర వదులుతుంది.

రోహిణి కార్తెలో ఇంకో చిక్కు. సగం ఖాళీ అయిన సీసాలో పైన గాలి ఉంటుంది. మధ్యాహ్నం గది వేడెక్కేకొద్దీ ఆ గాలి ఉబ్బి నీళ్లను కిందికి తోస్తుంది. సాయంత్రానికి సీసాలో నీళ్లు తగ్గుతాయి, కింద పరిచిన పొట్టు తడి. ఎలుక బాగా తాగిందనుకుంటాం. అందుకే ఎండాకాలంలో సీసాను నిండా నింపి నీడవైపు కడతాను, తోడుగా బరువైన పింగాణీ గిన్నె పెడతాను. గిన్నెలో పొట్టు, పెంటికలు పడతాయి, నిజమే. మాటిమాటికీ మార్చాలి. అయినా గిన్నెకు బిగుసుకుపోయే గోలీ లేదు.

మన తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ జంతుశాస్త్ర ప్రయోగశాలల్లో వాడేవీ విస్టార్ జాతి తెల్ల ఎలుకలే. అలాంటి ప్రయోగశాలల కోసం, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే మన కేంద్ర కమిటీ రాసిన మార్గదర్శకాల్లో నీటి గొట్టాలు పనిచేస్తున్నాయో లేదో చూస్తుండాలని, ఉన్న సీసాలోనే మళ్లీ పోయడం కన్నా సీసా మార్చడం మేలని, సెలవు రోజైనా జంతువుల సంరక్షణ ఆగకూడదని ఉంది. ముద్దుగా పెంచుకునే మన ఇళ్లలో అంతకన్నా తక్కువ జాగ్రత్త ఎందుకుండాలి?

సంక్రాంతికి ఊరెళ్తూ పక్కింటావిడకు తాళం ఇచ్చేటప్పుడు నేను చెప్పేది ఇదే: "అక్కా, నీళ్లు పోస్తే చాలదు. గోలీ మీద వేలు పెట్టి చూడు, చుక్క రావల్ల."