తీగ వెంబడి నడక

ఆకివీడు అవతల మా బావగారికి రొయ్యల చెరువుంది. ఈ వేసవిలో అక్కడి 2 హెచ్‌పీ ఏరేటరు మోటారు రెండుసార్లు కాలిపోయింది. వైండింగు ఖర్చు ఒక ఎత్తు, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయేమోనన్న భయం ఒక ఎత్తు.

"లో వోల్టేజీ అండి బావగారూ, మన చేతుల్లో ఏముంది" అన్నారు. మీటరు పట్టుకుని వెళ్లాను.

స్టార్టరు బోర్డు దగ్గర 230 వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. అక్కణ్ణించి ఏరేటరుకి 200 మీటర్ల తీగ. మోటారు నడుపుతూ తీగ నిరోధం లెక్క కడితే తేడా వస్తుంది. దాని చుట్టల్లో అయస్కాంతం పని కూడా ఉంటుంది కాబట్టి వోల్టుల్ని ఆంపియర్లతో భాగించినా అచ్చమైన నిరోధం రాదు. అందుకని మోటారు విప్పేసి, ఆ చివర 1500 వాట్ల నీళ్ల హీటరు బకెట్లో పెట్టి స్విచ్చి వేశాం. వేశాక బకెట్టు దరిదాపులకి ఎవర్నీ రానివ్వలేదు. క్లాంపు మీటరు 6 ఆంపియర్లు చూపించింది. బోర్డు దగ్గర 230 అలాగే ఉంది, చెరువు దగ్గర మాత్రం 212.

దారిలో పోయినవి 18 వోల్టులు. ఆరుతో భాగిస్తే 3 ఓములు. వేర్వేరు పొడవుల తీగలు కొలిచి కొలిచి 1827లో గెయోర్గ్ ఓమ్ పుస్తకంలో పెట్టిన లెక్క ఇదే. కానీ మాది 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. పోనూ రానూ 400 మీటర్లకి రెండు ఓములు కూడా రాకూడదు. మిగతా ఓము ఎక్కడుంది?

ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నించీ ఈ డెల్టాలో శివారు చేలకి నీరందకపోతే రైతు చేసే పని ఒకటే. కాలవ గట్టెక్కి పైకి నడుస్తాడు. ఎక్కడ గుర్రపుడెక్క అడ్డం పడిందో, ఎక్కడ గండి పడిందో కళ్లారా చూస్తాడు. అదే రైతు కరెంటు దగ్గరికి వచ్చేసరికి బోర్డు దగ్గరే ఆగిపోతాడు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇద్దరం తీగ వెంబడి నడిచాం. పొడవు చాలక అతుకు వేసిన చోట్లు రెండు కనిపించాయి. టేపు విప్పితే లోపల ఉప్పుగాలికి రాగి చిలుం పట్టి, పక్కన ప్లాస్టిక్ మాడి ఉంది.

ఆంపియర్లని ఆంపియర్లతోనే హెచ్చవేసి, దాన్ని ఓములతో హెచ్చవేస్తే వాట్లు. మోటారు నడిచేటప్పుడు తీసుకునేది 10 ఆంపియర్లు. ఆ దొంగ ఓము దగ్గర 100 వాట్లు. అంటే పాతకాలపు 100 వాట్ల బల్బు టేపు చుట్టలో రాత్రంతా మండినట్టే. మోటారు స్టార్టు అయ్యేటప్పుడు అయిదారు రెట్లు కరెంటు లాగబోతుంది. కరెంటు అయిదింతలైతే వేడి పాతికింతలు. వోల్టులూ అక్కడే కుంగిపోతాయి. మోటారు తిరగలేక మూలుగుతుంది, చుట్ట కాలుతుంది.

అతుకులు కోసేసి, గట్టిగా నొక్కిన రాగి స్లీవులు వేసి, తడి తగలకుండా బిగించాం. మళ్లీ హీటరు పెట్టాం.

మేత లెక్కల పుస్తకంలో బావగారు ఇప్పుడు వోల్టులకి రెండు గడులు గీశారు, బోర్డు దగ్గరివి ఒకదాంట్లో, చెరువు దగ్గరివి ఒకదాంట్లో. మొన్న ఫోన్ చేశారు. "హీటరు పెట్టి చూశానండి. తేడా పదకొండే."