ఎగిరే విమానం ఎగురుతున్నట్టే కనపడాలి

విశాఖ ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాలు జరిగిన ఏ ఏడాదైనా సరే, తెల్లవారేలోగా అందరి ఫోన్లలోనూ విమానాల ఫొటోలే. వాటిని ఓపిగ్గా చూస్తే చాలావాటిలో ఒకే లోపం కనిపిస్తుంది. సముద్రం మీద హెలికాప్టర్ ఉంటుంది, దాని రోటర్ రెక్కలు మాత్రం వేలితో లెక్కపెట్టుకునేలా విడివిడిగా బిగుసుకుపోయి ఉంటాయి. ఇంజన్ ఆగిపోయి, మరుక్షణంలో నీళ్లలో పడబోతోందా అనిపిస్తుంది. తీసినవాళ్లేమో దాన్నే గొప్పగా చూపిస్తారు, ఎంత స్పష్టంగా వచ్చిందో చూడమని. ఎయిర్ షోలలోనూ విమానాల మ్యూజియంలలోనూ ఫొటోలు తీసే అభిరుచి నిన్న మొన్న పుట్టింది కాదు. గాజు పలకల కాలం నుంచీ చేతులు మారుతూ వస్తున్న విద్య అది. ఆ విద్యలో మొదటి పాఠం ఈ గొప్పలకు పూర్తిగా విరుద్ధం. ఎగురుతున్న విమానం ఫొటోలోనూ ఎగురుతూ ఉండాలి, నేల మీద నిలిచిన విమానం నిలిచినట్టే ఉండాలి. ఈ పని విలువ దాని అందంలో కంటే దాని నిజాయతీలోనే ఎక్కువగా ఉందని నా వాదన. ఆ నిజాయతీ మాటలతో వచ్చేది కాదు, తీసేవాడి నడుములోంచి, మణికట్టులోంచి, షట్టర్ స్పీడులోంచి రావాలి.

లెక్క వేసి చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధ కాలపు స్పిట్‌ఫైర్ లాంటి విమానంలో ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 1200 చుట్లు తిరుగుతుందనుకుందాం. అంటే సెకనుకు 20 చుట్లు. షట్టర్ స్పీడు సెకనులో 2000వ వంతు పెడితే ఆ కాస్తలో రెక్క నాలుగు డిగ్రీలు కూడా కదలదు, కొయ్యబారినట్టు పడుతుంది. అదే 125వ వంతు పెడితే దాదాపు 58 డిగ్రీలు తిరుగుతుంది. నాలుగు రెక్కల ప్రొపెల్లర్‌లో రెక్కకూ రెక్కకూ మధ్య దూరం 90 డిగ్రీలు కాబట్టి, ఆ వలయంలో మూడింట రెండు వంతులు పలచటి పొరలా పరుచుకుంటుంది. 60వ వంతుకు దిగితే వలయం నిండిపోతుంది. హెలికాప్టర్ సంగతి ఇంకా కష్టం. మన వాయుసేన వాడే ఎంఐ-17 ప్రధాన రోటర్ నిమిషానికి 192 చుట్లే తిరుగుతుంది. 1000వ వంతులో దాని రెక్క కదిలేది ఒక్క డిగ్రీ. 60వ వంతుకు దిగినా 19 డిగ్రీలే. అయిదు రెక్కల రోటర్‌లో ఆ 19 డిగ్రీల చెదురు కనిపించినప్పుడే అది గాలిని కోస్తోందని కంటికి తెలుస్తుంది. ఏ స్పీడు పెట్టాలో కెమెరా తనంతట తాను చెప్పదు. ఆటోలో వదిలేస్తే ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం అది వేగాన్ని పైకే తోస్తుంది, రోటర్‌ను ఆపేస్తుంది.

స్పీడు తగ్గించినంత మాత్రాన పని అయిపోదు, అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. రోటర్ చెదరాలి, హెలికాప్టర్ ఒళ్లు చెదరకూడదు. తలుపు మీది అక్షరాలు, తోక మీది నంబరు, కాక్‌పిట్‌లో పైలట్ హెల్మెట్ కొట్టొచ్చినట్టు కనపడాలి. అందుకే ప్యానింగ్. విమానం వచ్చే దిక్కుకు కాదు, అది సరిగ్గా ఎదురయ్యే చోటుకు పాదాలు తిప్పి నిలబడాలి. ఎడమ అరచెయ్యి లెన్స్ కింద, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, నడుము పైభాగాన్ని మాత్రం వెనక్కి మెలితిప్పి, దూరాన చుక్కలా ఉన్నప్పుడే దాన్ని ఫ్రేములోకి తీసుకోవాలి. అక్కడి నుంచి నడుము విమానంతోపాటే విచ్చుకుంటూ రావాలి. ఎదురుగా వచ్చే క్షణానికి ఒంట్లో మెలిక పూర్తిగా విడిపోయి ఉంటుంది, చెయ్యి అతి నిలకడగా ఉండేది అప్పుడే. బటన్ నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు. నొక్కగానే ఆగిపోయే అలవాటే కొత్తవాళ్ల ఫొటోలను సగానికి సగం పాడుచేస్తుంది. తెల్లటి ఆకాశాన్ని చూసి కెమెరా మీటరు మోసపోతుంది, విమానం నల్లటి నీడగా పడుతుంది. కాబట్టి ఎక్స్‌పోజర్‌ను ముప్పావు స్టాపో ఒక స్టాపో పెంచుకోవాలి. జనం వైపు ఒరిగి అర్ధచంద్రాకారంగా తిరిగేటప్పుడు విమానం వీపు కనిపిస్తుంది. పొట్ట వైపు ఫొటో ఎవరికైనా దొరుకుతుంది, వీపు దొరికేది ఆ కొన్ని క్షణాల్లోనే. ఇవన్నీ కుదిరినా 60వ వంతు దగ్గర తీసినవాటిలో ఎక్కువ భాగం పారేయాల్సిందే. మిగిలిన ఆ ఒకటి రెండు ఫొటోల ముందు గంటసేపు కూర్చోవచ్చు.

కెమెరా, లెన్సుల గురించి ఎక్కువ చెప్పను. 400 మిల్లీమీటర్ల వరకు సాగే జూమ్ ఉంటే సరిపోతుంది, మిగతాది సాధన. ఉస్తాదుల సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండ్‌లో చార్లెస్ ఇ. బ్రౌన్ ఇప్పటి సౌకర్యాలేవీ లేని రోజుల్లో, మరో విమానంలోంచి చెవులు చిల్లులు పడే గాలిలో వంగి తీసిన ఫొటోలు లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. అతని మబ్బులు చూడండి. విమానం కంటే మబ్బే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అయినా కన్ను విమానం మీదికే పోతుంది. అమెరికాలో పాల్ బోవెన్ పాత బి-25 బాంబర్ తోక భాగంలో కూర్చుని, వెనక వస్తున్న చిన్న జెట్ రెక్కల కొసల నుంచి లేచే సుడులు మబ్బును రెండు పాయలుగా చీల్చడం పట్టుకున్నాడు. కంటికి కనపడని గాలి ఆకారాన్ని ఏ మాయా లేకుండా చూపించిన ఘనత అతనిది. ఇక జపాన్‌కు చెందిన కత్సుహికో తోకునాగా. 1978 నుంచి యుద్ధ విమానాల వెనక సీట్లో కూర్చుని తీస్తున్నాడు. విమానం తీవ్రంగా మలుపు తిరిగేటప్పుడు ఒంటి బరువుతోపాటు చేతిలోని కెమెరా బరువూ కొన్ని రెట్లవుతుంది. ఆ స్థితిలో ఫ్రేము అంచులు కూడా తప్పకుండా తీయగలగడం నా దృష్టిలో ఈ విద్యకు పరాకాష్ఠ. గాలిలోంచి గాలిలోకి తీసేవాళ్లలో అతని తర్వాతే ఎవరైనా అని నేను నిస్సంకోచంగా అంటాను. ఈ పనికి అంత క్రమశిక్షణ ఎందుకో తెలియాలంటే 1966 జూన్ 8 గుర్తుచేసుకోవాలి. ఆ రోజు అమెరికాలో ఒక ఇంజన్ల కంపెనీ ప్రచారం ఫొటోల కోసం అయిదు విమానాలు దగ్గరదగ్గరగా ఎగిరాయి. వాటిలో ఎఫ్-104 వెళ్లి ఎక్స్‌బి-70 వాల్కిరీని తాకింది. రెండూ కూలిపోయి ఇద్దరు పైలట్లు చనిపోయారు.

మ్యూజియంకు వస్తే నియమం తిరగబడుతుంది. అక్కడ ప్రొపెల్లర్ ఆగి ఉండటమే నిజం. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలిచిన టీయూ-142 నే తీసుకోండి. 2017 మార్చిలో విశ్రాంతి తీసుకుని ఆ డిసెంబరులోనే మ్యూజియంగా మారిన ఈ విమానం పొడవు 53 మీటర్లు, రెక్కల వెడల్పు 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటిగా ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. దాని ముందు నిలబడి వెడల్పాటి లెన్స్‌తో తీస్తే ముక్కు ఉబ్బిపోతుంది, రెక్కలు వెనక్కి ముడుచుకుపోతాయి, అసలు ఆకారమే మారిపోతుంది. వీలైనంత వెనక్కి నడిచి పొడవాటి లెన్స్‌తో తీసినప్పుడే ఆ రెక్కల వాలు, జంట ప్రొపెల్లర్ల అమరిక ఉన్నదున్నట్టు కనిపిస్తాయి. ఢిల్లీ పాలం వాయుసేన మ్యూజియంలో చీకటి హ్యాంగర్ ఇంకో పరీక్ష. ఫ్లాష్ కొడితే రేకు మీద తెల్లటి మరక పడుతుంది. దేనికైనా ఆనుకుని, ఊపిరి బిగబట్టి నెమ్మదిగా తీయాలి. అక్కడ 1971 యుద్ధంలో క్షిపణి దెబ్బతిన్న సుఖోయ్-7 తోక భాగం ఉంది. ఆ చినిగిన లోహాన్ని పక్కనుంచి పడే వెలుగులో తీస్తే, అంత దెబ్బ తిని కూడా తిరిగొచ్చిన విమానం అది అని వేరే చెప్పక్కర్లేదు.

కొందరు తెలివిగా అడుగుతారు. చెదిరిన రెక్క మాత్రం నిజమా, కెమెరా చూసేది కన్ను చూసేది కాదు కదా, ఆగిన రెక్క కూడా ఆ క్షణంలో ఉన్నదే కదా అని. బాగానే ఉంది. ఇంజనీరుకు రెక్క కోణం చూడాల్సిన అవసరమొస్తే ఆగిన రెక్క ఫొటోయే కావాలి, అందులో తప్పు లేదు. కానీ చూసేవాడికి ఫొటో ఏం చెబుతోందన్నదే ఇక్కడ కొలమానం. ఆగిన రెక్క ఇంజన్ ఆగిందని చెబుతుంది, అది అబద్ధం. ప్రొపెల్లరే లేని జెట్ విషయంలో ఈ తగాదా లేదు, 1000వ వంతుకు పైనే పెట్టి తీయవచ్చు. అక్కడ వేగానికి సాక్ష్యం వేరే చోట వెతకాలి. రెక్కల మీద పుట్టే తెల్లటి ఆవిరి, ఇంజన్ వెనక వణికే వేడి గాలి, పైలట్ తల ఒరిగిన తీరు చూడాలి. విశాఖ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ జెట్ గట్టిగా మలుపు తిరిగితే రెక్కల మీద ఆవిరి తొందరగా పుడుతుంది. మధ్యాహ్నం దాటాక ఎండ నగరం వైపు నుంచి, అంటే జనం వీపు మీద నుంచి సముద్రం మీద పడుతుంది, విమానం ఒళ్లంతా వెలుగే. ప్రపంచంలో పేరున్న ఎన్నో ఎయిర్ షో మైదానాల్లో ఫొటోగ్రాఫర్లు ఎదురెండతో కుస్తీ పడుతుంటారు. మన విశాఖలో అనువైన వెలుగు ఊరికే దొరుకుతోంది. ఇంత మంచి చోటును మనవాళ్లే గుర్తించకపోవడం నాకు మింగుడుపడదు.

అంతకంటే మింగుడుపడనిది నకిలీ. ఆగిన ప్రొపెల్లర్‌ను కంప్యూటర్‌లో గిర్రున తిప్పేవాళ్లున్నారు. ఎవరో తీసిన ఎర్రటి సాయంత్రపు ఆకాశాన్ని పట్టపగలు తీసిన తేజస్ యుద్ధ విమానం వెనక అతికించేవాళ్లున్నారు. విమానం వెనక ఎప్పుడూ లేని నిండు చంద్రుణ్ణి పెట్టేవాళ్లున్నారు. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి మూడు వాక్యాలు టైపు చేస్తే వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్‌నే తయారుచేసి ఇస్తోంది. దగ్గరికెళ్లి చూస్తే తోక మీద అక్షరాలు కావు, గీతలు. ఆ బొమ్మ కింద వందల మంది వహ్వా అంటుంటారు. ఇదేం తప్పు, అందంగా ఉంటే చాలదా అనేవాళ్లకు నా జవాబు ఒక్కటే. 1960లలో వచ్చిన మన సొంత జెట్ మారుత్ ఇప్పుడు ఎక్కడా ఎగరడం లేదు. సూర్యకిరణ్ జట్టు కిరణ్ విమానాలతో ఎగిరిన రోజులు 2011తో ముగిశాయి. గాలిలో నిలబడగలిగిన సీ హారియర్ 2016లో వెళ్లిపోయింది. ఆరు దశాబ్దాలు పనిచేసిన మిగ్-21కు 2025 సెప్టెంబరు 26న వీడ్కోలు చెప్పారు. అవి గాలిలో ఎలా ఉండేవో రేపటి పిల్లలకు చెప్పేవి ఫొటోలే. పాత విమానాలను బాగుచేసేవాళ్లు రంగుల కోసం, గుర్తుల కోసం, నంబర్ల కోసం పాత ఫొటోలనే వెతుకుతారు. అతికించిన ఆకాశాలు, అల్లిన తోకలు ఆ భాండాగారంలో చేరితే ఏది నమ్మాలి? 1999లో అమెరికా నౌకాదళానికి చెందిన జాన్ గే పసిఫిక్ మీద ఒక హార్నెట్ యుద్ధ విమానం చుట్టూ గొడుగులా విచ్చుకున్న ఆవిరిని తీశాడు. నిజమైన ఫొటో, పోటీల్లో బహుమతి పొందిన ఫొటో. దాన్ని కూడా తీసినవాడి పేరు చెరిపేసి, ధ్వని అవరోధాన్ని బద్దలుకొట్టిన క్షణమని తప్పుడు వ్యాఖ్యతో తిప్పుతూనే ఉన్నారు. తేమ గాలిలో ఒత్తిడి పడిపోయి పుట్టే ఆ ఆవిరికి ధ్వని వేగం దాటాల్సిన పనే లేదు.

ఇది డబ్బున్నవాళ్ల సరదా అని ఒక మాట వినపడుతుంది. నిదానమైన షట్టర్ స్పీడుకు ఖరీదైన లెన్స్ అక్కర్లేదు, అది అడిగేది ఒళ్లు వంచి చేసే సాధన. బీచ్‌లో పాస్ లేకపోయినా దూరంగా ఒడ్డున నిలబడవచ్చు. యుద్ధ యంత్రాలకు హారతి పట్టడమేనని ఇంకో మాట. చినిగిన సుఖోయ్ తోకను శ్రద్ధగా తీసిన ఫొటో యుద్ధం గురించి ఏ ఉపన్యాసం కంటే సూటిగా మాట్లాడుతుంది. భద్రత గురించిన అభ్యంతరంలో మాత్రం న్యాయముంది. 2001 నవంబరులో గ్రీస్‌లోని కలమాటా వైమానిక స్థావరం దగ్గర 14 మంది విమానాభిమానులను గూఢచర్యం అనుమానంతో అరెస్టు చేశారు. మరుసటి ఏడాది శిక్ష కూడా పడింది, చివరికి అప్పీలులో నిర్దోషులయ్యారు. వాళ్లు ఇంత అనుభవించింది అభిరుచి కోసమే. రక్షణ శాఖ స్థావరాల గోడల మీది నుంచి తొంగిచూడటం ఈ విద్యలో భాగం కాదు. అనుమతి ఉన్న చోట, జనానికి తలుపులు తెరిచిన రోజున తీయాలి. బేగంపేటలో వింగ్స్ ఇండియా జరిగినప్పుడు గానీ, యలహంకలో ఏరో ఇండియా వైమానిక ప్రదర్శన జరిగినప్పుడు గానీ మనకు కావలసినంత దొరుకుతుంది.

ఉప్పుగాలిలో నిలబడ్డ టీయూ-142, పాలం ఆరుబయట ఎండలో వానలో ఉన్న పాత జెట్లు ఎల్లకాలం ఇలాగే ఉండవు. రంగు వెలిసిపోకముందే, తోక నంబరు చెరిగిపోకముందే వాటిని నాలుగు పక్కలా తీసి దాచండి. ఫొటో కింద విమానం రకం, నంబరు, తేదీ, చోటు తెలుగులో రాయండి. ఆకాశం బూడిదరంగులో ఉంటే బూడిదరంగులోనే ఉంచండి. వచ్చే షోలో మాత్రం కనీసం ఒక్క హెలికాప్టర్‌నైనా సెకనులో 60వ వంతు పెట్టి, నడుము తిప్పి తీయండి.